మార్జిన్ వదిలిన అక్క

ఆవిడ పోయిన వార్త నాకు ఒక చెడ్డ డిజైన్ రూపంలో వచ్చింది. జర్మనీలో మేముండే బ్యోబ్లింగెన్ రాట్‌హౌస్‌లో, అంటే మునిసిపల్ ఆఫీసులో, వీసా కార్డు అపాయింట్‌మెంట్ కోసం కూర్చుని, నా నంబరు ఎప్పుడు వెలుగుతుందా అని బోర్డు చూస్తున్నాను. ఊరికే ఫోన్ తీసి మా తెలుగువాళ్ళ గ్రూపు తెరిస్తే ఆవిడ ఫోటో. చుట్టూ తామరపూలు, పక్కన దీపం, కింద బంగారు రంగులో ‘శ్రద్ధాంజలి’. ఆ మాటలోని వత్తులు కింది వరుసలోకి దిగబడి ఆవిడ ఇంటిపేరు తలకట్టును మింగేశాయి. కన్నీళ్ళకంటే ముందు నాకొచ్చిన ఆలోచన, అక్క ఇది చూస్తే ఊరుకోదు అని. వేలి కణుపుతో అద్దం మీద టకటకా కొట్టి, “గీడ అక్షరానికి ఊపిరాడ్తలేదు” అనేది.

మాకందరికీ ఆవిడ అక్కే. మా ఇళ్ళల్లో పుట్టి పెరిగిన పిల్లలు మాత్రం ఆంటీ అనేవారు. ఎవరేమని పిలిచినా పలికేది గానీ ‘మేడమ్’ అంటే వెనక్కి తిరిగి చూసేది, ఇంకెవరినో పిలుస్తున్నారేమోనని. వరంగల్ మాట. ఇన్నేళ్ళ జర్మనీ ఆ మాటను ఏమీ చేయలేకపోయింది. జర్మన్ మాట్లాడినా వరంగల్ రాగంలోనే మాట్లాడేది, కొట్లలో వాళ్ళకు అది భలే నచ్చేది. జిండెల్ఫింగెన్‌లో, కొత్త కారుతో పాటు ఇచ్చే లావుపాటి పుస్తకాలను పేజీలుగా అమర్చే ఉద్యోగం ఆవిడది. దానికి ముందు హైదరాబాదులో ఒక వారపత్రిక పేజీలు కట్టింది. ఆ రెండు పనుల గురించీ ఒకే ముక్క చెప్పేది: “కారు నడిచినన్ని దినాలు ఎవ్వడూ ఆ పుస్తకం ముట్టడు. ఆగినంక తెరుస్తడు. గప్పుడు వానికి స్వాగతం, సుస్వాగతం అక్కెరలేదు.”

కాగితం చేతికిస్తే ముందు తలకిందులు చేసి చూసేది. చదవడానికి వీల్లేకుండా చేస్తేనే పేజీ కనపడుతుందని ఆవిడ సిద్ధాంతం. హోటల్లో మెనూ అయినా, మందుల డబ్బాలో మడతపెట్టిన కాగితమైనా, స్టేషన్లో పోస్టరైనా అంతే. పోస్టర్ని తిప్పలేదు కాబట్టి తనే నడుము వంచి మెడ తిప్పి చూసేది. పక్కనున్న మాకు సిగ్గేసేది. హ్యాండ్‌బ్యాగులో దువ్వెన ఉండేది కాదు, స్టీలు స్కేలు ఉండేది. ‘బాగుంది’ అన్న మాట ఆవిడ నోట నేను వినలేదు. ఎంత నచ్చినా ‘నడుస్తది’ అనేది. ఆ మాట కోసం మేం పడిన పాట్లు మాకే తెలుసు.

కరోనా మొదలైన వసంతంలో మా సంఘం ఉగాది సభ ఆగిపోయింది. హాలుకు తాళం పడింది. ప్రతి ఏడూ సభలో పంచే సంచికనైనా ఫోన్లలో చదువుకునేలా తెద్దామని ప్రెసిడెంట్ గారు వీడియో మీటింగు పెట్టారు. మంచి మనిషి, ఎవరికి ఏ కష్టమొచ్చినా కారేసుకుని వెళ్ళేవారు. పేజీలు కట్టడానికి అక్కను పిలిచారు. సందేశాలు, కమిటీ ఫోటోలు, పిండివంటలు, రెండు కవితలు అంటూ ఆయన చెప్పుకుపోతుంటే అక్క మైకు తెరిచి, ఇది ఎవరు చదువుతరని అడిగింది. మనమే కదా అన్నారాయన. పోయిన ఏటిది ఎవరెవరు చదివారో చెయ్యెత్తమంది. ఎవరూ ఎత్తలేదు. నాకు నవ్వొచ్చింది, ఆపుకోలేకపోయాను.

పదహారు నుంచి పాతికేళ్ళ లోపు పిల్లలు మన చుట్టూ ఇంతమంది ఉన్నారు, చదువుకోవడానికి వచ్చి హాస్టల్ గదుల్లో ఒంటరిగా చిక్కుకున్నవాళ్ళు, ఇక్కడే పుట్టి బడి మూతపడి ఇంట్లో గోడలు చూస్తున్నవాళ్ళు, వాళ్ళకొక సాహిత్య పత్రిక చేద్దామంది అక్క. వాళ్ళు తెలుగు చదవరమ్మా అన్నారు ప్రెసిడెంట్ గారు, నిజంగానే దిగులుగా.

“చదవనోళ్ళ కోసమే గద పత్రిక చెయ్యాలె సార్. చదివెటోళ్ళు ఎట్లయినా చదువుతరు.”

మీటింగు అయిపోగానే నాకు ఫోన్ చేసింది. అంతకుముందు మాకు పెద్దగా పరిచయం లేదు. నువ్వొక్కదానివే నవ్వినవు, పనికొస్తవు అంది. నేను కాలేజీ రోజుల్లో నాలుగు కథలు రాసి మానేసినదాన్ని. ఆ సంగతి చెప్పాను. మానేసినోళ్ళే కావాలె అంది.

ఆ వేసవంతా ఆవిడ పిల్లలకు ఫోన్లు చేసింది. నేనైతే మీకు ఏం చదవడం ఇష్టం అని అడిగేదాన్ని. ఆవిడ అలా అడగలేదు. చివరిసారి ఏం చదువుతూ మధ్యలో వదిలేశారు, ఎక్కడ వదిలేశారు అని అడిగింది. “ఏడ ఆపినవు? గా వాక్యం యాదికున్నదా?” ఇష్టాల గురించి అడిగితే అందరూ గొప్పలు చెప్తారనీ, ఆపేసిన చోటు గురించి ఎవరూ అబద్ధం చెప్పరనీ అనేది. ఎర్లాంగెన్‌లో మాస్టర్స్ చదివే ఒక ఖమ్మం కుర్రాడు, కథ మొదటి పేరాలోనే రచయిత తనకు బుద్ధి చెప్పడానికి వస్తున్నాడని తెలిసిపోయి ఆపేశానన్నాడు. జిండెల్ఫింగెన్‌లో పుట్టిన పదిహేడేళ్ళ అమ్మాయి ఇంకోలా చెప్పింది. ఇంట్లో తెలుగు మాట్లాడుతుంది, వేసవి సెలవుల్లో అక్షరాలూ నేర్చుకుంది. కానీ అచ్చులో చూస్తే వత్తులన్నీ చీమల్లా కనిపిస్తాయట. ఒక వరుస చదివి రెండో వరుసకు వచ్చేసరికి ఎక్కడున్నదీ తెలియక మళ్ళీ మొదటికే వెళ్తుందట.

అక్క ఆ రెండు ఫిర్యాదులనూ డాక్టరు రోగి మాట విన్నంత శ్రద్ధగా విన్నది. అక్షరం పెంచింది. వరుసకూ వరుసకూ మధ్య చోటు పెంచింది. తెలుగు మాటలు పొడుగ్గా ఉంటాయి కాబట్టి రెండు అంచులూ సమంగా లాగితే మధ్యలో గుంతలు పడతాయని, కుడి అంచును దాని ఇష్టానికి వదిలేసింది. పత్రిక చలికోటు జేబులో పట్టాలంది. ట్రెయిన్లో తీయాలి, స్టేషన్ రాగానే మళ్ళీ దోపుకోవాలి. ఫోన్లోనే ఉంటే ఫోన్లోని మిగతావాటితో కొట్లాడి గెలవాలి, అది మనతో అయ్యేది కాదు, కాబట్టి కాగితం మీదే వేద్దామంది. తెల్లకాగితాలు మడిచి మడిచి, తన కోటు జేబులోనే కాక దారిన పోయే మా అందరి జేబుల్లోనూ పెట్టి చూసింది.

ఆ చలికాలం ఆంక్షలు మళ్ళీ బిగిశాయి. ఒక ఇంటివాళ్ళు, బయటినుంచి ఇంకొక్క మనిషి, అంతకుమించి కలవకూడదు. అక్క వాళ్ళాయనకు ఉబ్బసం, ఆయన్ను ప్రమాదంలో పెట్టకూడదని ఆవిడ ఎవరినీ ఇంట్లోకి రానిచ్చేది కాదు. అందుకని మా సంపాదకవర్గ సమావేశాలన్నీ బ్యోబ్లింగెన్ చెరువు చుట్టూ నడుస్తూ జరిగాయి. ఆవిడ ముందు, నేను రెండడుగులు పక్కగా, ఇద్దరి మొహాలకూ మాస్కులు. పేజీలు పారదర్శకమైన ప్లాస్టిక్ కవర్లలో. వాన చినుకు పడితే కవరు తుడిచి చూపించేది. బాతులకు రొట్టె వేసే ముసలివాళ్ళు మమ్మల్ని చూసి తల ఊపేవారు. కాళ్ళు నొప్పెడుతున్నాయంటే, “పేజీ అయిపోనీ, కూర్చుందం” అనేది. పేజీ అయ్యేది కాదు.

భాష దిద్దడానికి మాకొక మాస్టారు దొరికారు. రాజమండ్రి వైపు కాలేజీలో తెలుగు చెప్పి రిటైరైన పెద్దాయన. మనవడిని చూడ్డానికొచ్చి, విమానాలు ఆగిపోయి, తర్వాత కూతురు పంపనని పట్టుబట్టి, ఇక్కడే ఉండిపోయారు. ఒక్క అక్షరం తప్పిపోనిచ్చేవారు కాదు. అక్కకు ఆయనంటే గౌరవం, ఆయనకు అక్క పట్టుదలంటే ముచ్చట. చలికాలం చివరికి మొదటి సంచిక సిద్ధమైంది. సరదా కథలు, హాస్టల్ వంటల మీద ఒక వ్యాసం, ఒక బొమ్మల కథ. ప్రెసులో ఇవ్వడమే తరువాయి.

అప్పుడు ఇండియాలో రెండో విడత వచ్చింది. మా గ్రూపులో పొద్దున లేస్తే ఆసుపత్రి మంచాలు, ఆక్సిజన్ సిలిండర్లు ఎక్కడ దొరుకుతాయనే వాకబులు. వెళ్ళడానికి లేదు, వెళ్ళినా చూడనివ్వరు. ఎవరి ఇంట్లో ఎవరు పోయారో ఫోటోల్లో తెలిసేది. పత్రిక ప్రెసుకు పంపేద్దామా అని అడిగితే, అక్క సంచికను మొదట్నుంచీ విప్పేసింది. ఈ పిల్లలకు ఇప్పుడు నవ్వులాట కథలు పంపితే మనని పిచ్చోళ్ళనుకుంటరంది. వాళ్ళు ఏం చూస్తున్నారో రాయమని పిల్లలందరికీ కబురు పెట్టింది. ఎట్లా వస్తే అట్లా రాయండి, తెలుగు అక్షరాలు రాకపోతే ఇంగ్లీషు అక్షరాల్లో రాయండి, దిద్దేది మేం చూసుకుంటాం అంది.

జిండెల్ఫింగెన్ అమ్మాయి రాసి పంపింది. వాళ్ళ అమ్మమ్మ గుంటూరు ఆసుపత్రిలో పోయింది. అమ్మాయి ఇంగ్లీషు అక్షరాల్లో రాసినదాన్ని అక్క తెలుగు లిపిలోకి మార్చి నాకు పంపింది. అందులో ఒక చోటు ఇలా ఉంది: ‘అమ్మమ్మకి ఆక్సిజన్ మాస్క్ ఉంది. అక్కడ ఫోన్ నర్స్ పట్టుకుంది. ఇక్కడ అమ్మ పట్టుకుంది. ఏమైనా చెప్పు అని అమ్మ అంది. నాకు వచ్చిన తెలుగు అంతా తిను, రా, పడుకో, స్నానం చెయ్యి. ఇందులో ఏది చెప్పాలి? నేను ఇష్ బిన్ దా అన్నాను. అమ్మమ్మకి జర్మన్ రాదు.’

ఇష్ బిన్ దా అంటే నేనిక్కడే ఉన్నాను అని. ఇక్కడ పిల్లలు చీకట్లో భయపడితే తల్లులు అనే మాట.

మాస్టారు దాన్ని దిద్దారు. ఎంతో ప్రేమగా, రాత్రింబవళ్ళు ఆలోచించి దిద్దారని చూస్తేనే తెలిసింది. ‘అమ్మమ్మా, నేను నీ చెంతనే ఉన్నాను, దిగులుపడకు’ అని అమ్మాయి చేత పలికించారు. చదివితే నా కళ్ళు చెమర్చాయి కూడా. అక్క ప్రూఫు అమ్మాయికి పంపింది. ఆ సాయంత్రమే అమ్మాయి ఫోన్ చేసింది.

“చాలా శ్యోన్, అందంగా ఉంది ఆంటీ. కానీ ఇందులో ఉన్నది నేను కాదు. నా పేరు తీసెయ్యండి.”

మాస్టారితో అక్క వాదన చెరువు గట్టు మీదే జరిగింది, నేను దూరంగా నిలబడ్డాను. నోట్లోంచి జారిన మాట గాలికి పోతుంది, అచ్చులో పడ్డది మాత్రం నిలిచిపోతుంది, రేపటి పిల్లలు దాన్నే ప్రమాణం అనుకుంటారు అన్నది ఆయన బాధ. తెలుగు పత్రికలో, అంత్యకాలపు మాట దగ్గర, జర్మన్ ముక్క వేయడం ఆయనకు అపచారంలా తోచింది. అక్క ఎదురు చెప్పకుండా చివరిదాకా వింది.

“మీరన్నది నిజమే మాస్టారు. అచ్చయింది నిలుస్తది. అందుకే ఆ పిల్ల అనని మాట నిలవొద్దు.”

ఆయన ఒప్పుకోలేదు. చివరిదాకా ఒప్పుకోలేదు. కానీ పని మానలేదు. మర్నాడు అసలు రాతనే తిరిగి పంపుతూ, నేను దీనికి అంగీకరించను, అయితే ఆరో వరుసలో ‘ల’ ఉన్నచోట ‘ళ’ ఉండాలి అని రాశారు. పత్రికలో తన పేరు వేయవద్దన్నారు. అక్క వేయలేదు. ఆ తర్వాత కూడా ప్రతి సంచికా ఆయన కళ్ళ కింద నుంచే ప్రెసుకు వెళ్ళింది.

అసలు అడ్డు వేరేచోట నుంచి వచ్చింది. అమ్మాయి తల్లి నాకు ఫోన్ చేసి, దయచేసి అది వేయొద్దండీ అంది. మా ఇంటి చావు మాకుండనివ్వండి అంది. ఆ వెంటనే అసలు సంగతీ చెప్పింది. ఇది చదివితే నలుగురూ ఏమనుకుంటారు, కన్నకూతురికి అమ్మమ్మతో ఆఖరి మాటైనా చెప్పుకునేంత తెలుగు నేర్పలేదంటారు. ఆవిడ గొంతులో కోపం లేదు. అది వినడం ఇంకా కష్టంగా ఉంది. అక్కకు చెప్పి, వదిలేద్దాం అక్కా అన్నాను. ఆ తల్లి వద్దంటే వేసేది లేదు, కానీ వద్దనే ముందు ఆమె ఒకసారి వినాలె అంది.

వాళ్ళింట్లో నాన్నకు పాజిటివ్ వచ్చి అందరూ క్వారంటైన్‌లో ఉన్నారు. మేం వెళ్ళి వాళ్ళ అపార్ట్‌మెంట్ వెనక, సైకిళ్ళూ చెత్తడబ్బాలూ ఉండే చోట నిలబడ్డాం. తల్లి మొదటి అంతస్తు బాల్కనీలో బట్టలు ఆరేస్తోంది. నమస్కారం పెట్టింది గానీ పని ఆపలేదు. అక్క మాస్కు సరిచేసుకుని, కాగితం తీసి, కింద నుంచి పైకి వినపడేలా చదవడం మొదలుపెట్టింది. వరంగల్ గొంతులో ఆ జిండెల్ఫింగెన్ అమ్మాయి వాక్యాలు. పక్కింటి జర్మన్ ముసలాయన కిటికీ తెరిచి కాసేపు విని, ఏమనుకున్నాడో, చప్పుడు కాకుండా వేసేసుకున్నాడు. తల్లి చేతులు బట్టలు దులుపుతూనే ఉన్నాయి. ‘ఇష్ బిన్ దా’ దగ్గరికి రాగానే ఆగాయి. చేతిలో బట్ట అలాగే పట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది.

అక్క చదవడం ఆపింది. నేను వెళ్దామా అన్నట్టు చూశాను.

“తలుపు మూయలే గద” అంది అక్క.

అలాగే నిలబడ్డాం. చాలాసేపటికి ఆవిడ మొహం కడుక్కుని తిరిగొచ్చి, పిట్టగోడ మీద మోచేతులు ఆనించింది.

“దానికి కనపడలేదక్కా. ఫోన్ నా చేతిలో ఉంది. అది ఆ మాట అనగానే మా అమ్మ కళ్ళు ఇటు తిప్పింది. దాని గొంతు గుర్తుపట్టింది. ఏ భాషైతే ఆవిడకేం? ఆ సంగతి లేకుండా వేస్తే మా అమ్మకేం వినపడలేదనుకుంటారు.”

“నీ బిడ్డకు చెప్పినవా?”

ఆవిడ తల అడ్డంగా ఊపింది. ఇంట్లో ఆ రోజు గురించి ఎవరూ మాట్లాడుకోలేదట.

“అయితే నువ్వే రాసియ్యి.”

తనకు రాయడం రాదంది. ఇప్పుడు చెప్పినవు గద, గంతే రాయమంది అక్క.

ఆవిడ రాసిచ్చిన నాలుగైదు వాక్యాలను ఎక్కడ పెట్టాలన్నది పెద్ద చిక్కయింది. అమ్మాయి రాతలో కలిపితే అది అమ్మాయి చూసింది కాదు. చివర పెడితే తల్లి సంజాయిషీ చెప్పుకున్నట్టుంటుంది. అక్క పేజీని మళ్ళీ కట్టింది. అమ్మాయి రాతను ఒక పక్కకు జరిపి, ఎడమవైపు చెయ్యి పట్టేంత వెడల్పున మార్జిన్ వదిలింది. అంతా ఖాళీ. ‘ఇష్ బిన్ దా’ ఉన్న ఎత్తులో మాత్రం, ఆ ఖాళీలో, సన్నటి అక్షరాల్లో తల్లి మాటలు. ఆ మాటలు సరిగ్గా అదే వరుసలో మొదలవ్వాలా, ఒక వరుస కిందా అని ఒక మధ్యాహ్నమంతా తర్జనభర్జన పడింది. చివరికి ఒక వరుస కిందకు దించింది. పిల్ల మాట ముందు పడాలె, తల్లి తర్వాత పలకాలె అంది. పేజీని తలకిందులు చేసి చూసి, నడుస్తది అంది.

అచ్చుకు వెళ్ళే ముందు ఆ పేజీ అమ్మాయి చూడాలని పట్టుబట్టింది, అదీ కాగితం మీద, తెలుగు లిపిలో. తర్వాతి సంగతి తల్లి చెప్పగా విన్నాం. అమ్మాయి సోఫాలో కూర్చుని అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ చదివిందట. తను వంటింట్లో బియ్యం కడుగుతూ, కడిగినవే కడుగుతూ నిలబడిందట. మార్జిన్ దగ్గరికి వచ్చినట్టుంది, లోపలినుంచి చప్పుడు ఆగిపోయింది. అమ్మాయి వచ్చి వెనకనుంచి పట్టుకుని, మెడ మీద తల ఆనించి, చాలాసేపు అలాగే ఉండిపోయిందట.

సంచిక ఆ శరత్కాలంలో వచ్చింది. ప్రెసిడెంట్ గారి సందేశం ఆఖరి పేజీలో వేసింది అక్క, ఒక్క మాట తగ్గించకుండా. అది చూసి ఆయన చిన్నబుచ్చుకున్నారు, మళ్ళీ ఆయనే కట్టలు కారులో వేసుకుని ఊరూరా పంచారు. ఎర్లాంగెన్‌లో ఖమ్మం కుర్రాడు సైకిలు మీద తిరిగి హాస్టళ్ళలో తలుపుల ముందు పెట్టాడు. కొన్నాళ్ళు ఎవరూ ఏమీ అనలేదు. నాకు నీరసం వచ్చింది. అక్క మాత్రం రెండో సంచిక పేజీలు మొదలుపెట్టేసింది. ఒకరోజు ఆ కుర్రాడే ఫోన్ చేశాడు. పత్రిక మొత్తం చదవలేదక్కా, ఆ మార్జిన్ పేజీ దగ్గర ఆపి మా అమ్మకు ఫోన్ చేశాను, తర్వాత చదవబుద్ధి కాలేదు అన్నాడు, తప్పు చేసినవాడిలా. ఆపితే గట్ల ఆపాలె అంది అక్క. ఆ తర్వాత మరిన్ని మార్జిన్లు వచ్చాయి. ఒకరి రాత పక్కన ఇంకొకరు, అన్న రాత పక్కన చెల్లెలు, రూమ్మేట్ రాత పక్కన రూమ్మేట్. పిల్లలు వాటికోసమే పత్రిక తెరిచేవారు.

కరోనా పోయింది. అందరూ ఆఫీసులకు వెళ్ళడం మొదలుపెట్టారు. జిండెల్ఫింగెన్ అమ్మాయి ఎర్లాంగెన్‌లో యూనివర్సిటీలో చేరింది. అక్క ఒక మీటింగులో, ఇంకనుంచి పత్రిక మీదే అని ఆ అమ్మాయికీ ఆ కుర్రాడికీ అప్పజెప్పి లేచిపోయింది. తర్వాత కొన్నాళ్ళకే జబ్బు బయటపడింది.

నేను ఆఖరిసారి చూసింది వాళ్ళింట్లోనే. కిటికీ పక్కకు మంచం జరిపారు. మనిషి సగమైపోయింది. పిల్లలు కొత్త సంచిక పంపి, ఆంటీ చూసి సరేనంటేనే అచ్చుకు వెళ్తామన్నారు. నేను పేజీలు తీసి ఒక్కొక్కటే చేతికిచ్చాను. మార్జిన్ తీసేశారు. అట్ట నల్లగా ఉంది. కొన్ని చోట్ల వరుసలు నిలువుగా పైకి పాకుతున్నాయి. తెలుగు, జర్మన్ ఒకే పేజీలో రెండు చివరల నుంచీ మొదలై మధ్యలో ఢీకొంటున్నాయి. అక్షరానికి ఎక్కడా ఊపిరాడటం లేదు. ఆవిడ ప్రతి పేజీనీ, ఒడిలో ఆనించుకుని, తలకిందులు చేసి చూసింది. నేను దిద్దుబాట్లు రాసుకోవడానికి ఫోన్ తీసి పట్టుకున్నాను.

“నాకు నచ్చలె” అంది.

ఏమేం మార్చమని రాయను అక్కా అన్నాను.

“ఏం రాయకు. నేను పదిహేడేండ్ల పిల్లనా? నాకు నచ్చుడు ఎందుకు? అచ్చుకు పొమ్మని చెప్పు.”

చెప్పాను. అవతలినుంచి వెంటనే జవాబొచ్చింది, ఆంటీ నిజంగా ఒప్పుకున్నారా అని. ఆ మెసేజ్ అక్కకు చూపించాను. అక్క కళ్ళద్దాలు తీసి పక్కన పెట్టి, ఇంక అడుగుడు బంద్ చేయుమను అంది, తర్వాతి సంచిక నాకు పంపొద్దని చెప్పు.